నూరు మి.లీ. నీరు కలపడం వేరు, నూరు మి.లీ.కి చేర్చడం వేరు

ప్రశ్న: నేను బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసి, గాజువాకలో నీటి నమూనాలను పరీక్షించే ఒక ప్రయోగశాలలో ఈమధ్యే ట్రైనీగా చేరాను. 1 మోలార్ (లీటరుకు ఒక మోల్) హైడ్రోక్లోరికామ్లం నుంచి 0.1 మోలార్ ద్రావణం తయారుచేయమన్నారు. పది రెట్లు పలచన చేయాలి కదా అని 10 మి.లీ. ఆమ్లానికి 100 మి.లీ. స్వేదనజలం కలిపాను. సోడియం కార్బొనేట్‌తో టైట్రేషన్ చేసి, అంటే అది పూర్తిగా చర్య జరిపేదాకా ఆమ్లాన్ని బ్యూరెట్ నుంచి వదిలి గాఢత చూస్తే 0.091 వచ్చింది. మళ్లీ చేసినా అంతే. ఇంటర్ నుంచీ పలచన చేసే సి1వి1 = సి2వి2 ఫార్ములా నాకు కంఠతా వచ్చు, పరీక్షల్లో ఈ లెక్కలకు ఎప్పుడూ మార్కులు పోలేదు. అయినా గాఢ ఆమ్లం సీసా మీద మోలారిటీ లేకుండా శాతం మాత్రమే ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. 1000 పీపీఎం (లీటరుకు 1000 మి.గ్రా.) ఐరన్ స్టాండర్డ్ (గాఢత కచ్చితంగా తెలిసిన ద్రావణం) నుంచి 0.5 పీపీఎం చేయాలన్నా, పలచన చేసిన సముద్రపు నీటి ఫలితాన్ని అసలు నమూనాకు లెక్కకట్టాలన్నా ఇదే తడబాటు. మా సీనియర్లు ఒక ఎక్సెల్ షీట్ వాడతారు. నేనూ దాన్నే నమ్ముకోవచ్చా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: మీ టైట్రేషన్ సరైనదే, సీసాలో ఉన్నదాన్ని అది ఉన్నట్లే చెప్పింది. 1 మోలార్ ఆమ్లం 10 మి.లీ. తీసుకున్నప్పుడు అందులో 10 మిల్లీమోల్‌ల హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది. దానికి 100 మి.లీ. నీరు కలిపితే ద్రావణం మొత్తం 110 మి.లీ. అవుతుంది. 10ని 110తో భాగిస్తే 0.0909, అంటే మీకు వచ్చిన 0.091. మీరు 0.05 మోలార్ సోడియం కార్బొనేట్ 20 మి.లీ. చొప్పున తీసుకుని ఉంటే, 20 మి.లీ. దగ్గర ఆగవలసిన బ్యూరెట్ 22 మి.లీ. దగ్గర ఆగి ఉంటుంది. రెండుసార్లూ ఒకే విలువ వచ్చిందంటే పిపెట్ పట్టడం, తుది బిందువును గుర్తించడం మీకు బాగానే అలవడ్డాయి. పొరపాటు ద్రావణాన్ని కలిపిన దశలోనే జరిగింది.

సి అంటే గాఢత, వి అంటే ఘనపరిమాణం. సి1వి1 = సి2వి2 అనే సూత్రం చెప్పేది ఒక్కటే: ఎంత నీరు చేరినా ద్రావితం పరిమాణం మారదు. ఎడమవైపు లబ్ధం మనం స్టాక్ (పలచన చేయబోయే గాఢ ద్రావణం) నుంచి తీసుకున్న ద్రావితం, కుడివైపు లబ్ధం కొత్త ద్రావణంలో ఉన్న ద్రావితం. ఆ రెండూ ఒకటే కాబట్టి మధ్యలో సమాన చిహ్నం వచ్చింది. గరిటెడు పెరుగుతో చెంబెడు మజ్జిగ చేసినా, బిందెడు చేసినా అందులో ఉన్నది ఆ గరిటెడు పెరుగే. ఇక్కడ వి2 అంటే పని పూర్తయ్యాక పాత్రలో ఉండే మొత్తం ద్రావణం ఘనపరిమాణమే తప్ప, మనం పోసిన నీటి ఘనపరిమాణం కాదు. మనం ఎంత నీరు పోశామన్నది ఈ సూత్రంలో ఎక్కడా కనిపించదు. దాన్ని కొలవవలసిన అవసరమూ లేదు. మెడ మీద గీత ఉన్న వాల్యూమెట్రిక్ ఫ్లాస్క్ ప్రయోజనం అదే. 10 మి.లీ. స్టాక్‌ను పిపెట్‌తో 100 మి.లీ. ఫ్లాస్కులోకి వదిలి, స్వేదనజలంతో గీత వరకు మేకప్ చేస్తే, అంటే నింపితే, వి2 సరిగ్గా 100 అవుతుంది. దానికి 90 మి.లీ. పట్టిందా, అంతకు కొంచెం అటూఇటూగా పట్టిందా అని ఎవరూ పట్టించుకోరు.

అలాగైతే 10కి 90 కొలిచి పోస్తే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. పలచని జలద్రావణాల్లో దాదాపుగా సరిపోతుంది కూడా. కానీ అప్పుడు ఫ్లాస్కు గీతకున్న కచ్చితత్వాన్ని వదులుకుని కొలజాడీని నమ్ముకున్నట్లవుతుంది. పైగా ఘనపరిమాణాలు ఎప్పుడూ కూడిక లెక్క ప్రకారం నడవవు. 50 మి.లీ. ఇథనాల్‌కు 50 మి.లీ. నీరు కలిపితే వచ్చేది 100 కాదు, సుమారు 97 మి.లీ. మాత్రమే. గాఢ ఆమ్లాలను నీటిలో కలిపినప్పుడూ ఇలాంటి సంకోచం ఉంటుంది. అందువల్ల కచ్చితత్వం కావలసిన చోట నీటిని లెక్కించి పోసే అలవాటు పెట్టుకోవద్దు.

సూత్రం కంఠతా వచ్చినా ఈ పొరపాటు ఎందుకు జరిగిందంటే, నా అభిప్రాయంలో అందుకు సగం కారణం రెండు వేర్వేరు పనులకు ఒకే అక్షరాలు నేర్పే మన పద్ధతే. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో ఘనపరిమాణాత్మక విశ్లేషణకు ఎమ్1వి1/ఎన్1 = ఎమ్2వి2/ఎన్2 అని రాస్తాం (ఎమ్ మోలారిటీ, ఎన్ సమీకరణంలోని మోల్‌ల సంఖ్య). అక్కడ వి1, వి2 అనేవి రెండు వేర్వేరు పదార్థాల ఘనపరిమాణాలు. ఒకటి బ్యూరెట్ నుంచి దిగినది, మరొకటి పిపెట్‌తో శంఖాకార కుప్పెలోకి తీసుకున్నది. ఆ రెంటి మొత్తంతో మనకు పని లేదు. పలచన చేసేటప్పుడు మాత్రం పదార్థం ఒక్కటే. వి1 దాని ముందటి ఘనపరిమాణం, వి2 తరువాతి ఘనపరిమాణం, మొదటిది రెండోదానిలో భాగం. రెండు ద్రావణాలను పక్కపక్కన పెట్టి చూసే టైట్రేషన్ అలవాటు మనసులో ఉండిపోతే, స్టాక్ ఒక వైపు, నీరు మరోవైపు అనుకుని 10కి 100 పోయడం సహజంగానే జరిగిపోతుంది. ఈ తేడాను పట్టి చూపే ఒక పరీక్ష ఉంది. టైట్రేషన్ మధ్యలో రంగు స్పష్టంగా కనిపించడానికి కుప్పెలోకి మరో 20 మి.లీ. స్వేదనజలం పోశారనుకోండి, బ్యూరెట్ రీడింగ్ మారదు, ఎందుకంటే కుప్పెలో ఉన్న మోల్‌ల సంఖ్య మారలేదు. అదే 20 మి.లీ. వాల్యూమెట్రిక్ ఫ్లాస్కులో గీత దాటి పోస్తే ద్రావణం పాడైపోతుంది. మొదటి చోట మనకు కావలసింది మోల్‌లు మాత్రమే, రెండో చోట మోల్‌లతో పాటు వాటిని మోస్తున్న ఘనపరిమాణం కూడా.

నార్మాలిటీ (లీటరుకు ఉన్న గ్రామ తుల్యాంకాల సంఖ్య) వాడే ప్రయోగశాలల్లో ఈ అయోమయం ఇంకొంత పెరుగుతుంది, ఎందుకంటే ఎన్1వి1 = ఎన్2వి2 (ఇక్కడ ఎన్ అంటే నార్మాలిటీ) అనేది పలచన చేయడానికీ టైట్రేషన్‌కూ ఒకే రూపంలో పనికొస్తుంది. క్షారత పరీక్షకు మీరు వాడే 0.02 నార్మల్ సల్ఫ్యూరికామ్లం 0.01 మోలార్ ద్రావణమే, ఎందుకంటే ఒక్కో అణువు రెండు హైడ్రోజన్ అయాన్లు ఇస్తుంది. స్టాక్ సీసా మీద మోలార్, రిజిస్టర్‌లో నార్మల్ రాసి ఉంటే, లెక్క మొదలుపెట్టే ముందే రెండింటినీ ఒకే ప్రమాణంలోకి మార్చుకోండి. లేకపోతే ద్రావణం సరిగ్గా సగమో, రెట్టింపో వస్తుంది.

ఇక లెక్క ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్నకు నా సలహా ఏమిటంటే, సూత్రంలో అంకెలు వేయడానికి ముందు 'ఎన్ని రెట్లు' అన్నది తేల్చుకోండి. ఉన్న గాఢతను కావలసిన గాఢతతో భాగిస్తే రెట్లు వస్తాయి. కావలసిన మొత్తం ఘనపరిమాణాన్ని ఆ రెట్లతో భాగిస్తే స్టాక్ నుంచి తీసుకోవలసినది వస్తుంది. 0.1 నార్మల్ నుంచి 0.02 నార్మల్ అంటే 5 రెట్లు. ఒక లీటరు కావాలంటే 1000ని 5తో భాగించి 200 మి.లీ. తీసుకుని లీటరుకు మేకప్ చేయాలి. ఇది అదే సూత్రం, మరొకటి కాదు. అయితే 'రెట్లు' అన్న సంఖ్య ఎప్పుడూ ఒకటి కంటే పెద్దదై ఉండాలి గనుక, అంకెలను తలకిందులుగా వేసిన తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది.

నోటిమాటగా వచ్చే నిష్పత్తుల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. 'వన్ ఈజ్ టు టెన్' అని ఒకరు చెబితే, ఒక పాలు స్టాక్‌ను మొత్తం పది పాళ్లు చేయమని కొందరు అర్థం చేసుకుంటారు, ఒక పాలుకు పది పాళ్ల నీరు కలపమని మరికొందరు అర్థం చేసుకుంటారు. మీ 0.0909 ఈ రెండో అర్థం ఫలితమే. నీటి విశ్లేషణ పద్ధతుల్లో 1 + 1 హైడ్రోక్లోరికామ్లం, 1 + 9 ఆమ్లం అని కూడిక గుర్తుతో రాయడం ఈ అనుమానానికి తావు లేకుండా చేయడానికే. 1 + 9 అంటే ఒక పాలు ఆమ్లం, తొమ్మిది పాళ్లు నీరు, అంటే పది రెట్లు. ఎవరైనా నిష్పత్తి చెప్పినప్పుడు "మొత్తం ఎంతకు చేయాలండీ?" అని అడగడానికి మొహమాటపడకండి. రిజిస్టర్‌లోనూ నిష్పత్తికి బదులు '10 మి.లీ. నుంచి 100 మి.లీ.కి' అని రాసుకోండి.

గాఢ ఆమ్లం సీసా దగ్గర మీరు ఆగిపోవడానికి కారణం, దాని మీద ఉన్న శాతం బరువు లెక్కన, మీకు కావలసిన మోలారిటీ ఘనపరిమాణం లెక్కన ఉండడం. ఆ రెంటినీ కలిపేది సాంద్రత. హైడ్రోక్లోరికామ్లం సీసా మీద 35 శాతం, సాంద్రత 1.18, అణుభారం 36.46 అని ఉందనుకుందాం. ఒక లీటరు ఆమ్లం బరువు 1180 గ్రాములు. అందులో 35 శాతం, అంటే 413 గ్రాములు హైడ్రోజన్ క్లోరైడ్. 413ని 36.46తో భాగిస్తే లీటరుకు 11.33 మోల్‌లు. ఒక లీటరు 1 మోలార్ ద్రావణానికి 1000ని 11.33తో భాగిస్తే 88.3 మి.లీ. కావాలి. సాంద్రతను మరచి, 35 శాతం అంటే 100 మి.లీ.లో 35 గ్రాములని అనుకుంటే 9.6 మోలార్ అని తేలి, 104 మి.లీ. తీసుకుంటారు, తయారైన ద్రావణం 1.18 మోలార్ వస్తుంది. ఎక్కడైనా గాఢత సరిగ్గా 1.18 రెట్లు ఎక్కువ వచ్చిందంటే సాంద్రతను గుణించడం మరచిపోయారని వెంటనే పోల్చుకోవచ్చు.

అయితే ఈ 88.3లోని దశాంశాన్ని చూసి మురిసిపోకండి. సీసా మీది శాతం తయారైన రోజు నాటిది, అది కూడా ఒక పరిధిలో చెప్పినది. 37 శాతం ఆమ్లమైతే గాఢత 11.97 మోలార్ అవుతుంది, అప్పుడు 83.5 మి.లీ. చాలు. చాలా ప్రయోగశాలల పుస్తకాల్లో 'లీటరుకు 85 మి.లీ.' అని ఒకే అంకె ఉంటుంది. దాని ప్రకారం చేస్తే 35 శాతం సీసా నుంచి 0.963, 37 శాతం సీసా నుంచి 1.017 మోలార్ వస్తాయి. పైగా సీసా మూత తీసిన ప్రతిసారీ హైడ్రోజన్ క్లోరైడ్ పొగగా పోతుంటుంది, మన విశాఖ ఎండల్లో ఆ నష్టం మరీ ఎక్కువ. అందుచేత గాఢ ఆమ్లం నుంచి చేసే ద్రావణానికి లెక్క ఇచ్చేది సుమారు గాఢత మాత్రమే. కొలజాడీతో కొలిచినా తప్పు లేదు. అసలు గాఢతను 250 డిగ్రీలు దాటిన వేడిలో ఆరబెట్టి, డెసికేటర్‌లో (తేమ చేరని మూతపాత్రలో) చల్లార్చిన సోడియం కార్బొనేట్‌తో టైట్రేషన్ చేసి నిర్ణయించి, ఆ విలువనే సీసా మీద రాయాలి. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి డెసికేటర్‌లోని సిలికా జెల్ రంగు మారిందేమో ముందుగా చూసుకోండి. ఇలా ఒకసారి సరిచూసిన 1 మోలార్ ద్రావణం నుంచి పిపెట్, వాల్యూమెట్రిక్ ఫ్లాస్కులతో చేసే 0.1 మోలార్‌కు మాత్రం లెక్క పూర్తిగా వర్తిస్తుంది.

సల్ఫ్యూరికామ్లానికీ లెక్క ఇదే: 98 శాతం, సాంద్రత 1.84 అయితే లీటరులో 1803 గ్రాములు, 98.08తో భాగిస్తే 18.4 మోలార్. దాని నుంచి నేరుగా ఒక లీటరు 0.05 మోలార్ చేయాలంటే 2.7 మి.లీ. తీసుకోవాలి. చిక్కటి ఆ ద్రవం పిపెట్ గోడలకు అంటుకుపోతుంది కాబట్టి అంత తక్కువ పరిమాణం నమ్మకంగా దిగదు. ముందు సుమారు 1 మోలార్ చేసుకుని, సరిచూసి, దాని నుంచి 20 రెట్లు పలచన చేయడమే మేలు. ఆమ్లాన్నే నీటిలోకి, కొద్దికొద్దిగా, కలియబెడుతూ పోయాలని, నీటిని ఆమ్లంలోకి పోయకూడదని మీకు తెలుసు. దానితో పాటు తెలియవలసింది, ఈ పనిని బీకరులో చేయాలి, వాల్యూమెట్రిక్ ఫ్లాస్కులో కాదు. ద్రావణం గది ఉష్ణోగ్రతకు చల్లారిన తరువాతే ఫ్లాస్కులోకి మార్చి గీత వరకు నింపాలి.

చల్లార్చడం ఒక్క సల్ఫ్యూరికామ్లానికే పరిమితం కాదు. మన దగ్గర దొరికే ఫ్లాస్కుల మీద 20 డిగ్రీలనో, 27 డిగ్రీలనో ముద్రించి ఉంటుంది. ఆ గీత ఆ ఉష్ణోగ్రతకు చెందినది. మే నెలలో వరండాలో ఉంచిన క్యానులోని స్వేదనజలం 35 డిగ్రీలకు తేలిగ్గా చేరుతుంది. ఆ వేడి నీటితో లీటరు ఫ్లాస్కును గీత వరకు నింపి, ఏసీ గదిలో అది 27 డిగ్రీలకు దిగేదాకా ఉంచితే, నీరు సుమారు పావు శాతం, అంటే దాదాపు 2.5 మి.లీ. సంకోచిస్తుంది. క్లాస్ ఏ (ఎక్కువ కచ్చితత్వం ఉన్న తరగతి) లీటరు ఫ్లాస్కుకు అనుమతించిన దోషం 0.4 మి.లీ. మాత్రమే. నీటి క్యానును ముందురోజు సాయంత్రమే లోపల పెట్టించుకుంటే ఈ దోషం ఏ ఖర్చూ లేకుండా తొలగిపోతుంది.

1000 పీపీఎం నుంచి 0.5 పీపీఎం అంటే 2000 రెట్లు. ఒకే అడుగులో చేయాలంటే 100 మి.లీ.కి 0.05 మి.లీ. తీసుకోవాలి, అది మామూలు పిపెట్లతో కాని పని. 0.01 మి.లీ. గీతలున్న 1 మి.లీ. పిపెట్‌లో అర గీత అటూఇటూ అయినా పది శాతం తప్పు వస్తుంది. కాబట్టి 2000ను ముక్కలు చేయాలి: 10 మి.లీ. నుంచి 100 మి.లీ.కి, అంటే 100 పీపీఎం; దాని నుంచి మళ్లీ 10 మి.లీ. 100 మి.లీ.కి, అంటే 10 పీపీఎం. దాని నుంచి 5 మి.లీ. 100 మి.లీ.కి, అంటే 0.5 పీపీఎం. 10, 10, 20 గుణిస్తే 2000. అడుగులు ఎక్కువైతే దోషాలు పేరుకుపోవా అన్న సందేహం సరైనదే, కానీ పరిమాణాలు చూడండి. క్లాస్ ఏ 10 మి.లీ. పిపెట్‌కు అనుమతించిన దోషం 0.02 మి.లీ., అంటే 0.2 శాతం, 100 మి.లీ. ఫ్లాస్కుకు 0.1 మి.లీ., అంటే 0.1 శాతం. ఇలాంటి అడుగులు మూడు వేసినా, అన్ని దోషాలూ ఒకే వైపు ఒరిగినా, మొత్తం ఒక శాతం దగ్గరే ఆగుతుంది. ఒక్క అడుగులో పది శాతం పోగొట్టుకోవడం కంటే ఇది ఎంతో నయం. క్రమం తప్పకుండా సరిచూసే మైక్రోపిపెట్ మీ దగ్గర ఉంటే రెండు అడుగులతో ముగించవచ్చు.

ఇక్కడ రెండు మెలకువలు చెప్పాలి. ఐరన్ వంటి లోహాల స్టాండర్డ్‌లను ఉత్త నీటితో పలచన చేయకూడదు. లోహం జలవిశ్లేషణ చెంది గాజు గోడలకు పట్టుకుంటుంది, లెక్క సరిగ్గా ఉన్నా రీడింగ్ తక్కువ వస్తుంది. పలచని నైట్రికామ్లంతో మేకప్ చేయండి, బ్లాంక్‌కూ (ఐరన్ కలపని పోలిక ద్రావణానికీ) అదే వాడండి, 0.5 పీపీఎం ద్రావణాన్ని ఏ రోజుకు ఆ రోజు కొత్తగా చేసుకోండి. రెండోది, ప్రతి అడుగులోనూ ఫ్లాస్కుకు బిరడా బిగించి పది పన్నెండుసార్లు తలకిందులు చేసి కలపండి. బరువైన స్టాక్ అడుగున, నీరు మెడలో ఉండిపోయిన ఫ్లాస్కు నుంచి తరువాతి 10 మి.లీ. తీస్తే, ముందు అడుగులో పడిన శ్రమంతా వృథా. పిపెట్‌ను తీసుకోబోయే ద్రావణంతో తొలచాలి. ఫ్లాస్కును మాత్రం మేకప్ చేసే ద్రవంతోనే తొలచాలి, ఎన్నడూ స్టాక్‌తో కాదు. స్టాక్ సీసాలోకి పిపెట్‌ను నేరుగా ముంచవద్దు, చిన్న బీకరులోకి వంచుకుని అక్కడి నుంచి తీసుకోండి, మిగిలినదాన్ని తిరిగి సీసాలో పోయవద్దు.

సముద్రపు నీటి విషయంలో లెక్క వెనక్కి నడుస్తుంది, అంతే తేడా. రుషికొండ దగ్గర తెచ్చిన నమూనాను 10 మి.లీ. తీసుకుని 1000 మి.లీ.కి చేర్చారనుకోండి, పలచన 100 రెట్లు. దాని నుంచి 50 మి.లీ. తీసుకుని, పొటాషియం క్రోమేట్ సూచికతో, 0.0141 నార్మల్ సిల్వర్ నైట్రేట్‌తో టైట్రేషన్ చేస్తే, బ్లాంక్ తీసివేయగా 18.6 మి.లీ. ఖర్చయిందనుకుందాం. ఈ గాఢతలో సిల్వర్ నైట్రేట్ ఒక్కో మి.లీ.కి 0.5 మి.గ్రా. క్లోరైడ్ సమానం. కాబట్టి 50 మి.లీ.లో 9.3 మి.గ్రా., లీటరుకు 186 మి.గ్రా. ఇది పలచన చేసిన ద్రావణం సంగతి. అసలు నమూనాకు 100తో గుణిస్తే 18,600 మి.గ్రా. ఇక్కడ తీసుకున్న 50 మి.లీ. 'రెట్ల' లెక్కలోకి రాదు, ఎందుకంటే దాన్ని లీటరుకు మార్చినప్పుడే లెక్కలోకి తీసుకున్నాం. కొత్తవారు ఈ 50ని కూడా ఒక పలచనగా భావించి మళ్లీ 20తో గుణించడమో, 100ను పూర్తిగా మరచిపోవడమో తరచూ జరుగుతుంది. 100ను మరచిపోయి 186 అని నివేదిక ఇస్తే, తాగునీటిలో క్లోరైడ్‌కు భారతీయ ప్రమాణం చెప్పే ఆమోదయోగ్య పరిమితి 250 మి.గ్రా. గనుక, బంగాళాఖాతం తాగడానికి పనికొస్తుందని ధ్రువీకరించినట్లవుతుంది!

ఇలాంటివి పట్టుకోవాలంటే సహజంగా ఎంత రావాలో మనకు ముందే ఒక అంచనా ఉండాలి. మామూలు సముద్రపు నీటిలో క్లోరైడ్ లీటరుకు 19,000 మి.గ్రా.కు అటూఇటూగా ఉంటుంది. వర్షాకాలం ముగిశాక నదుల నీరు కలవడం వల్ల మన తీరంలో ఉపరితల జలాల లవణీయత తగ్గుతుంది కాబట్టి ఆ రోజుల్లో అంతకన్నా తక్కువ రావడం వింత కాదు. రెండు వందలు వచ్చినా, రెండు లక్షలు వచ్చినా అది సముద్రం తప్పు కాదు. తీరం దగ్గరి బోరు నీళ్లకు ఇంత స్పష్టమైన అంచనా ఉండదు, అందుకే అక్కడ నమూనా సీసా మీదా, ఫ్లాస్కు మీదా, రీడింగ్ పక్కనా పలచన ఎన్ని రెట్లో రాసి పెట్టుకోవడం తప్పనిసరి.

మీ 0.0909 మోలార్ ద్రావణాన్ని పారబోయవలసిన పని లేదు. అసలు గాఢత తెలిసిన ద్రావణం దేనికైనా పనికొస్తుంది, లెక్కలో 0.1కి బదులు 0.0909 వేస్తే చాలు. గుండ్రని అంకే కావాలంటే ఒక పాత మెలకువ ఉంది. ద్రావణాన్ని మొదటే కొద్దిగా ఎక్కువ గాఢతతో తయారుచేసుకోండి. టైట్రేషన్‌లో 0.104 వచ్చి, చేతిలో 1000 మి.లీ. ఉంటే, 1000ని 0.104తో గుణించి 0.1తో భాగిస్తే 1040. అంటే మరో 40 మి.లీ. నీరు చేర్చి, బాగా కలిపి, మళ్లీ ఒకసారి సరిచూస్తే సరి. తక్కువ గాఢత వచ్చినదాన్ని సరిదిద్దాలంటే స్టాక్ చేర్చాలి. అలా చేర్చినప్పుడు ద్రావితంతో పాటు ఘనపరిమాణమూ పెరుగుతుంది గనుక ఆ లెక్క ఇంత తేలిక కాదు.

ఎక్సెల్ షీట్ సంగతి: వాడుకోండి, కానీ వాడే ముందు దాని లోపలికి ఒకసారి చూడండి. గాఢ ఆమ్లం శాతం, సాంద్రత అన్న గడుల్లో ఏ లాట్ సీసా అంకెలు ఉన్నాయో చూడండి. చాలాచోట్ల ఎప్పుడో కొన్న 37 శాతం సీసా అంకె అలాగే స్థిరపడిపోయి, కొత్తగా వచ్చిన 35 శాతం సీసాకూ అదే లెక్క నడుస్తుంటుంది. ఘనపరిమాణం అన్న గడి మొత్తం ద్రావణం అడుగుతోందో, చేర్చవలసిన నీరు చెబుతోందో తేల్చుకోవడానికి 1 మోలార్ నుంచి 0.1 మోలార్, 100 మి.లీ. అని ఇచ్చి చూడండి; 10 మి.లీ. అని జవాబు వస్తే ఆ గడి మొత్తం ద్రావణానిదే, 11.1 అని వస్తే అది మీ అంకెను నీటి పరిమాణంగా తీసుకుంటోందని అర్థం. నమూనాల షీట్ వేరే అయితే, దాంట్లో పలచన ఎన్ని రెట్లో వేసే గడి ఉందా, ఖాళీగా వదిలితే అది ఒకటి అని లెక్క కట్టేస్తుందా అన్నదీ చూడండి. ఇంత చూశాక షీట్ ఇచ్చిన జవాబుకూ, 'ఎన్ని రెట్లు' అని మీరు మనసులో వేసుకున్న అంచనాకూ పొంతన కుదరకపోతే, పిపెట్ పట్టుకునే ముందే మీ సీనియర్‌ను పిలిచి ఆ షీట్‌ను ఆవిడతోనో, ఆయనతోనో కలిసి తెరిచి చూడండి.